ఉన్ని, పటిక, ఓడలు: ఉత్తర యార్క్‌షైర్‌లో ఒక వారం

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, కుటుంబసమేతంగా విచ్చేసిన తెలుగువారందరికీ నమస్కారం.

ఇంగ్లండ్‌లో స్థిరపడిన మన ఇళ్లలో వేసవి వచ్చిందంటే ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తారు. వచ్చినవాళ్లకు ఈ దేశమంతా చూపించాలన్న తాపత్రయంతో లండన్‌కు రెండు రోజులు, స్టోన్‌హెంజ్‌కు ఒక పూట కేటాయించి, మిగిలిన కాలమంతా కారులోనే గడిపేస్తాం. పెద్దవాళ్ల మోకాళ్లు నొప్పి పుడతాయి, ఫోన్ నిండా ఫొటోలు చేరతాయి, చూసినచోటు గురించి చెప్పుకోవడానికి మాత్రం ఏమీ మిగలదు. అందుకే ఈ రోజు మీకు నేను విన్నవించదలచింది ఒక్కటే. ఏదో ఒక ప్రాంతాన్ని ఎంచుకుని, అక్కడే వారం రోజులు ఉండి, దాని పట్నాన్నీ పల్లెనూ సముద్రతీరాన్నీ ఒకే కథగా చూడండి. అందుకు ఉత్తర యార్క్‌షైర్‌ను మించిన ప్రాంతం నాకు కనిపించలేదు. యార్క్ నగరం, దానికి ఈశాన్యాన ఉన్న మూర్లు అనే ఎత్తైన బీడు భూములు, ఆ భూములు సముద్రంలోకి విరిగిపడే చోట ఉన్న విట్బీ రేవు, ఈ మూడింటినీ కలిపి కట్టిన దారం గొర్రె ఉన్ని.

లండన్ కింగ్స్ క్రాస్‌లో రైలెక్కితే సుమారు రెండు గంటల్లో యార్క్ చేరతాం. క్రీ.శ. 71లో రోమన్లు ఇక్కడ కోట కట్టారు. 306లో కాన్‌స్టాంటైన్‌ను సైనికులు చక్రవర్తిగా ప్రకటించింది ఇక్కడే. 866లో వైకింగులు ఈ ఊరిని పట్టుకున్నారు. ఇవన్నీ మీకు ఏ గైడైనా చెబుతాడు. నగరం చుట్టూ సుమారు రెండు మైళ్ల పొడవున నిలిచి ఉన్న మధ్యయుగపు గోడ మీద నడవడానికి టికెట్టు కూడా లేదు. నేను మిమ్మల్ని ప్రత్యేకంగా వెళ్లమని కోరేది మాత్రం మర్చంట్ అడ్వెంచరర్స్ హాలుకు. 1357లో కట్టడం మొదలుపెట్టిన ఈ భవనంలో పైన వర్తకులు బేరసారాలు జరిపిన పెద్ద హాలు, కింద నిరుపేదల కోసం నడిపిన ఆసుపత్రి, దాన్ని ఆనుకుని ప్రార్థనాలయం ఉన్నాయి. పైహాలులో నిలబడి ఆ ఓకు దూలాలను తలెత్తి చూడండి. వంకరను సరిచేయకుండా, చెట్టు పెరిగిన తీరులోనే చెక్కి అమర్చినవి వాటిలో కొన్ని. ఉన్నినీ, ఉన్ని బట్టనూ ఊజ్ నది మీదుగా విదేశాలకు పంపిన సొమ్ముతో నిలబడిన కప్పు అది.

ఆ సంపద పక్కనే ఉన్న చీకటిని కూడా చూడకుండా రావద్దని నా మనవి. 1190 మార్చిలో, ఇప్పుడు క్లిఫర్డ్స్ టవర్ ఉన్న దిబ్బ మీది కోటలో తలదాచుకున్న సుమారు 150 మంది యూదులను ఒక అల్లరిమూక చుట్టుముట్టింది. చాలామంది తమ ప్రాణాలు తామే తీసుకున్నారు, బయటకు వచ్చినవారిని చంపేశారు. ఆ తర్వాత ఆ మూక పెద్ద చర్చి అయిన మిన్‌స్టర్‌కు వెళ్లి, అక్కడ దాచిన, యూదులకు తాము బాకీ ఉన్న అప్పుల పత్రాలను తగలబెట్టింది. పిల్లలకు చెప్పడం కష్టమే అయినా, ఆ దిబ్బ దగ్గర ఈ మాట చెప్పి తీరాలి.

ఇక ఉన్ని ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే హెల్మ్స్‌లీ అనే చిన్న సంత ఊరికి వెళ్లాలి. అక్కడి నుంచి సుమారు మూడు మైళ్లు పొలాల గట్ల వెంట నడిస్తే రై నది లోయలో, పైకప్పు లేని రీవో మఠం కనిపిస్తుంది. 1132లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన సిస్టర్షియన్ అనే క్రైస్తవ సంఘపు సన్యాసులు ఏకాంతం కోసం ఈ లోయను ఎంచుకున్నారు. ప్రార్థన సన్యాసులది, వ్యవసాయం వారి కింద పనిచేసే వందలాది సేవక సోదరులది. ఈ మఠాల మందల ఉన్ని ఇటలీ వర్తకుల దాకా వెళ్లింది. 1538లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదవ హెన్రీ దీన్ని మూయించాడు, కప్పు మీది సీసాన్ని కూడా ఒలిచి కరిగించారు. ఈ రోజు మనం ముచ్చటపడి చూసే ఆకాశమంత ఎత్తు కిటికీలు అలా మిగిలినవే.

నేను ఈ దారిని నడిచే వెళ్లమనడానికి కారణం ఉంది. ఇంగ్లండ్‌లో ప్రైవేటు పొలాల మధ్య నుంచి పోయే కాలిబాటల మీద నడిచే హక్కు ప్రజలందరికీ ఉంది. ఆ బాటలను పటాల్లో అధికారికంగా నమోదు చేసే ఏర్పాటును 1949 నాటి చట్టం తెచ్చింది. రైతు పొలంలో అడుగుపెట్టడానికి మనవాళ్లు సంకోచిస్తారు, అది మంచి సంస్కారమే. అయితే కాలిబాట అని రాసిన బోర్డు ఉన్నచోట మనం ఎవరి దయ మీదా నడవడం లేదు. తెరిచిన గేటు తిరిగి మూసి, ఈనిన గొర్రెల దరికి పోకుండా నడిస్తే చాలు.

హెన్రీ చేసిన పనికి మరో ఫలితం సముద్రం ఒడ్డున కనిపిస్తుంది. ఉన్ని బట్టకు రంగు పట్టాలంటే పటిక కావాలి. మన కలంకారీ పనివారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో పటిక ప్రధానంగా పోప్ ఆధీనంలోని గనుల నుంచి వచ్చేది. రాజు పోప్‌తో తెగతెంపులు చేసుకున్నాక ఇంగ్లండ్ తన పటికను తానే వెతుక్కోవలసి వచ్చింది. 17వ శతాబ్దం మొదట్లో ఈ తీరపు కొండల్లోని పలకరాయిలో అది దొరికింది. రేవెన్‌స్కార్ దగ్గర నేషనల్ ట్రస్ట్ కాపాడుతున్న పాత పటిక కార్ఖానా శిథిలాలను తప్పకుండా చూడండి. కొండను తవ్విన రాయిని కట్టెల మీద గుట్టగా పోసి నెలల తరబడి కాల్చేవారు. దాన్ని నీళ్లలో నానబెట్టి, ఆ ద్రవాన్ని బొగ్గు మంట మీద మరిగించి, అందులో సముద్రపు నాచు బూడిదనో పులిసిన మనిషి మూత్రాన్నో కలిపితే పటిక పలుకులు కట్టేది. ఆ మూత్రాన్ని దూరపు నగరాల నుంచి పీపాల్లో ఓడలకెత్తి తెచ్చేవారు. నాలుగైదు వాక్యాల్లో నేను చెప్పిన ఈ పనిలో తరతరాల కూలీల ఊపిరితిత్తులు కాలిపోయి ఉంటాయి. ఆ బోసి కొండచరియలు ప్రకృతి చెక్కినవి కావు, వాళ్లు తవ్వినవి.

బొగ్గు తేవాలి, పటిక పంపాలి. దాంతో విట్బీలో ఓడల నిర్మాణం పెరిగింది. 1746లో తర్వాత పేరుమోసిన సముద్ర యాత్రికుడైన జేమ్స్ కుక్ కుర్రవాడిగా ఇక్కడి జాన్ వాకర్ అనే ఓడల యజమాని దగ్గర పనికి కుదిరి, బొగ్గు ఓడల మీద సముద్రం నేర్చుకున్నాడు. వాకర్ ఇల్లు ఇప్పుడు కుక్ స్మారక మ్యూజియం. 1768లో ఆయన పసిఫిక్‌కు బయల్దేరిన ఎండెవర్ కూడా విట్బీలో 1764లో బొగ్గు కోసం కట్టిన ఓడే. అడుగు చదునుగా ఉండడంతో దాన్ని ఒడ్డుకు చేర్చి మరమ్మతు చేసుకోవడం వీలయ్యేది.

విట్బీలో 199 మెట్లున్నాయి. పైన సెయింట్ మేరీ చర్చి, ఆ వెనుక 657లో హిల్డ్ అనే సన్యాసిని స్థాపించిన మఠం ఉన్న చోట తర్వాతి కాలంలో కట్టిన మఠపు శిథిలాలు ఉన్నాయి. మెట్ల మధ్యలో అక్కడక్కడ వెడల్పాటి చదును చోట్లు వస్తాయి. శవపేటికలు మోసుకెళ్లేవారు అలసట తీర్చుకోవడానికి ఏర్పాటు చేసినవి అవి. మీ పెద్దవాళ్లను కూడా అక్కడే కూర్చోబెట్టండి, తొందరపెట్టవద్దు. పైన సమాధి రాళ్లను దగ్గరగా చూస్తే ఉప్పుగాలికి ఇసుకరాయి తేనెపట్టులా గుంతలు పడి, పేర్లు పూర్తిగా చెరిగిపోయి ఉంటాయి.

భోజనం విషయంలో ఒక హెచ్చరిక. యార్క్‌షైర్‌లో చేపలూ చిప్సూ ఆవు కొవ్వులో వేయించడం పాత అలవాటు. గొడ్డుమాంసం తిననివారూ, శాకాహారులూ చిప్స్ కొనేముందే ఏ నూనెలో వేయించారో అడగాలి. కూరగాయల నూనె వాడే దుకాణాలూ ఉన్నాయి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. రెండో హెచ్చరిక ఆటుపోట్ల గురించి. రాబిన్ హుడ్స్ బే దగ్గర కొండ కింద ఇసుక మీద, రాళ్ల మీద నడుస్తూ పిల్లలు శిలాజాలు ఏరుకుంటుంటే కాలం తెలియదు. పోటు వస్తే వెనక్కి దారి మూసుకుపోతుంది. ఆ రోజు పోటు వేళలు చూసుకోకుండా దిగవద్దు.

ఎప్పుడు వెళ్లాలని చాలామంది అడుగుతారు. మూర్ల మీద హెదర్ పొదలు ఊదారంగు పూతతో నిండేది ఆగస్టులో. మే, జూన్ నెలల్లో వచ్చే మీ తల్లిదండ్రులకు అది దక్కదు. వారిని దక్షిణంగా బెంప్టన్ కొండచరియల దగ్గరికి తీసుకెళ్లండి. ఆ నెలల్లో నిటారు సున్నపురాతి గోడల మీద లక్షలాది సముద్ర పక్షులు గూళ్లు కట్టి ఉంటాయి. రెక్కలు చాస్తే రెండు మీటర్లకు కాస్త తక్కువుండే గానెట్లు కంచె పక్కనే, మన కళ్ల ఎత్తులో ఎగురుతాయి. జూలై చివరికల్లా పఫిన్లు అనే పక్షులు సముద్రం మీదికి వెళ్లిపోతాయి గనుక టికెట్లు కొనేముందే నెల చూసుకోండి.