నేను చూపించిన అంగళ్ళు, నాయన చూపించిన అంగడి

హాయ్ అండి, అందరికీ నమస్తే. టైమ్ పొద్దున ఆరున్నర. మీరు చూస్తున్నది న్యూయార్క్ పక్కన నేనుండే జెర్సీ సిటీ కాదు, కర్నూలు. ఆ కనపడేది కొండారెడ్డి బురుజు. నేను లేచేసరికే మా నాయన చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. "పోయినేడు నీ ఊర్లో అంగళ్ళన్నీ తిప్పినావు గదా పాపా, ఈరోజు నాది చూద్దువుగాని రా" అన్నాడు. అందుకే ఈ వీడియో.

నాయనకు పాత ఊర్లో బొరుగులు, పుట్నాలు, బెల్లం అమ్మే అంగడి ఉండేది. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రి నీళ్ళు ఊర్లోకి వచ్చినప్పుడు సరుకంతా పోయింది. బొరుగుల బస్తాలు తడిస్తే ఇంకేముంది. అయినా అంగడి మళ్ళీ తెరిచాడు, మోకాళ్ళలో బలం ఉన్నన్నాళ్ళూ నడిపాడు. అందుకే ఏ అంగడికి పోయినా ఆయన తినేవాడిలా కాకుండా అమ్మేవాడిలా చూస్తాడు. న్యూయార్క్‌లో ఆయన వెంట తిరిగితేనే నాకు ఆ సంగతి అర్థమైంది.

మొదట హౌస్టన్ స్ట్రీట్‌లోని కాట్జెస్‌కు తీసుకెళ్ళాను. 1888 నుంచి ఉన్న డెలి, అంటే మాంసం, శాండ్‌విచ్‌లు అమ్మే తిండి అంగడి అది. లోపలికి అడుగుపెట్టగానే చేతికో టికెట్ ఇస్తారు. తిన్నదంతా దాని మీదే రాస్తారు, బయటికి వచ్చేటప్పుడు లెక్క కడతారు. టికెట్ పోతే 50 డాలర్లు అని చెప్పానో లేదో, నాయన దాన్ని జేబులో పెట్టుకుని పైన చెయ్యి అదిమి పెట్టుకున్నాడు. అక్కడ పేరున్నది పాస్ట్రామీ శాండ్‌విచ్. అది గొడ్డుమాంసం కాబట్టి మేం తినలేదు. కానీ నాయన కౌంటర్ దగ్గర నిలబడి కోసేవాళ్ళను చాలాసేపు చూశాడు. వారాల తరబడి ఉప్పులో, మసాలాలో ఊరబెట్టి, పొగబెట్టి, ఆవిరి మీద మెత్తబరిచిన మాంసాన్ని మెషీన్‌తో కాకుండా కత్తితో కోస్తారు. ముందు ఒక ముక్క కోసి, రుచి చూడమని ప్లేట్‌లో పెడతారు. "మనమూ బొరుగులు గుప్పెడు చేతిలో పోసే గదా అమ్మింది" అన్నాడు నాయన. మేం లాట్కేలు, అంటే నూనెలో వేయించిన ఆలుగడ్డ అట్లు, ఊరిన కీరా ముక్కలు తీసుకున్నాం. ఆ కీరాలు ఉప్పునీళ్ళలో ఊరినవి, నూనె లేదు, కారం లేదు. ఒకటి కొరికి, "ఇదీ ఊరగాయే. ఊరిన కాయ" అన్నాడు. రోజూ వాడే మాటను నేను ఎప్పుడూ అలా విడదీసి వినలేదు.

అక్కడి నుంచి కొంచెం నడిస్తే రస్ అండ్ డాటర్స్. పొగబెట్టిన చేపలు, బేగెల్స్ అనే గుండ్రటి చిల్లు రొట్టెలు అమ్మే అంగడి, 1914లో మొదలైంది. జోయెల్ రస్ అనే ఆయనకు ముగ్గురు కూతుళ్ళు. 1930లలో వాళ్ళను వ్యాపారంలో భాగస్వాములను చేసి, బోర్డు మీద 'అండ్ డాటర్స్' అని రాయించాడు. నాయన ఆ బోర్డు కింద ఫొటో తీయించుకున్నాడు. నేనేమీ అడగలేదు. కానీ బీటెక్‌లో చేరకముందు రెండు వేసవులు మా అంగడి గల్లా దగ్గర కూర్చున్నది నేనే, ఆ ఫొటోలో నా భుజం మీద ఆయన చెయ్యి ఉంది. లోపల సాల్మన్ చేపను ఎంత పల్చగా కోస్తారంటే ముక్క కింద కత్తి కనపడుతుంది. బేగెల్‌ను ముందు నీళ్ళలో ఉడికించి తర్వాత కాలుస్తారు, అందుకే పైన గట్టిగా, లోపల సాగుతూ ఉంటుంది. నాయన నువ్వుల బేగెల్ మీద క్రీమ్ చీజ్ పూయించుకుని ఒక్కడే మొత్తం తిన్నాడు.

దగ్గర్లోనే ఎసెక్స్ మార్కెట్. వీధుల్లో తోపుడు బండ్ల మీద అమ్మేవాళ్ళను లోపలికి తేవాలని న్యూయార్క్ మేయర్ లా గార్డియా హయాంలో 1940లో తెరిచారు. 2019లో రోడ్డు అవతల కొత్త భవనంలోకి మారింది. "మన సి.క్యాంపు రైతుబజారు లాంటిదే" అని నాయన ముందు చేపల ధరలు, తర్వాత ఉల్లిగడ్డల ధర కనుక్కున్నాడు. ఉల్లి ధర విని చాలాసేపు మాట్లాడలేదు.

లెగ్జింగ్టన్ అవెన్యూలో కలుస్త్యాన్స్ గురించి వేరే వీడియోనే చేయాలి. 1944లో పెట్టిన ఈ అంగడిలో దొరకని దినుసు లేదనిపిస్తుంది నాకు. చెస్టర్ ఆర్థర్ 1881లో అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన ఇల్లు కూడా అదే. కిందంతా పప్పులు, మసాలాలు. పైకి వెళ్తే ముజద్దరా ఇస్తారు, ఎర్రగా వేయించిన ఉల్లితో కలిపిన పప్పు వంటకం. పప్పును రొట్టెలో చుట్టి తినొచ్చని నాయనకు అప్పుడే తెలిసింది.

మెక్‌డూగల్ స్ట్రీట్‌లో మమూన్స్ చిన్న అంగడి, 1971 నుంచి ఫలాఫెల్ చేస్తోంది. నానబెట్టిన శనగలను ఉడికించకుండా, పచ్చివే రుబ్బి నూనెలో వేసి, రొట్టెలో పెట్టి ఇస్తారు. "అలసంద వడే ఇది" అన్నాడు నాయన, తేడా శనగల వాసనే. మోకాళ్ళ నొప్పులని అమ్మ ఆరోజు ఇంట్లోనే ఉండిపోయింది. తనకోసం ఒకటి పార్సెల్ కట్టించాం. న్యూయార్క్ నుంచి జెర్సీ సిటీకి వచ్చే పాత్ రైల్లో ఇంటికి చేరేసరికి తాహిని, అంటే నువ్వుల ముద్ద, అంతా పీల్చుకుని రొట్టె మెత్తగా విడిపోయింది. అమ్మ బాగుందనే తిన్నది. నాయన మాత్రం ఆ రాత్రి, "నిలబడి తినాల్సినదాన్ని మోసుకొచ్చి ఇచ్చినాం" అని రెండుసార్లు అన్నాడు.

ఇప్పుడు మనం ఉగ్గాని అంగడికి వచ్చేశాం. చూడండి, రేకుల కప్పు, రెండు పొయ్యిలు, నాలుగు బల్లలు. ఈ అక్క చేసేవి రెండే, ఉగ్గాని, మిరపకాయ బజ్జి. బొరుగులు నీళ్ళలో వేసి, తడవగానే నీళ్ళు పిండేసి తీసేస్తుంది. తిరగమాతలో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, టమాటా, పసుపు మగ్గాక బొరుగులు కలిపి, దించే ముందు పుట్నాల పొడి చల్లుతుంది. ఆ పొడి మిగిలిన తడిని పట్టుకుంటుంది. ముందే వేస్తే ముద్దవుతుంది, ఎక్కువైతే గొంతు పట్టేస్తుంది. జెర్సీ సిటీలో నేను చేసే ఉగ్గాని ఎందుకు ముద్దయ్యేదో ఈరోజు తెలిసింది. నేను పొడి ముందే వేస్తున్నాను. బొరుగుల్ని కూడా ఎక్కువసేపు వదిలేస్తున్నాను.

బజ్జి తుంచి, ఉగ్గానితో కలిపి తినాలి. నాయన తినకుండా నా ముఖమే చూస్తున్నాడు. "ఎట్లుంది పాపా?" చానా బాగుంది నాయనా.

అమ్మకు పార్సెల్ చెప్పబోయాను. అక్క కాగితం కూడా చేతిలోకి తీసుకుంది.

"కట్టొద్దు తల్లీ," అన్నాడు నాయన. "రేపు ఆటో మాట్లాడుకుని ఆమెనే పిల్చుకొస్తాం. మెట్లు లేవు గదా ఇక్కడ."