ఆడ్స్ రేషియోను రిస్క్ అని చదవకండి

అందరికీ నమస్కారం. థీసిస్ రాస్తున్న పీజీలు ఎక్కువగా తడబడేది ఆడ్స్ రేషియో దగ్గరే. దాన్ని ఇవాళ కాగితం మీద లెక్కవేసి చూద్దాం.

వంద మందిలో 20 మందికి జబ్బు వస్తే రిస్క్ 20/100, అంటే 0.20. ఆడ్స్‌కి కింద మొత్తం జనాన్ని వేయం, జబ్బు రానివాళ్లను వేస్తాం: 20/80, అంటే 0.25. ఇక్కడ పెద్ద తేడా లేదు. అదే 90 మందికి వస్తే రిస్క్ 0.90, ఆడ్స్ ఏకంగా 9.

మరి ఈ వంకర లెక్క ఎందుకు? 1950లో పరిశోధకులు డాల్, హిల్ లండన్ ఆసుపత్రుల్లో చేసిన కేస్-కంట్రోల్ స్టడీ (జబ్బు ఉన్న ‘కేసుల’నూ, ఆ జబ్బు లేని ‘కంట్రోల్స్’నూ ఎంచుకుని అలవాట్లు పోల్చేది) చూడండి. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 649 మంది మగవాళ్లలో 647 మంది పొగతాగేవాళ్లు, ఇద్దరు కారు. వేరే జబ్బులతో చేరిన 649 మందిలో 622 మంది తాగేవాళ్లు, 27 మంది కారు. కేసుల్లో పొగతాగడపు ఆడ్స్ 647/2, కంట్రోల్స్‌లో 622/27. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఆడ్స్ రేషియో. అడ్డంగా గుణించండి: 647×27ని 622×2తో భాగిస్తే 14.

ఇందులో పొగతాగేవాళ్ల రిస్క్ 647/1269, అంటే 51 శాతం అనొచ్చా? అనకూడదు. కేసుకొక కంట్రోల్ చొప్పున ఎంచుకున్నది మనమే. కంట్రోల్స్‌ని రెట్టింపు చేసి 1244, 54 అనుకోండి. అదే 51 శాతం 34కి పడిపోతుంది. దొంగ రిస్క్ రేషియో (తాగేవాళ్ల రిస్క్‌ని తాగనివాళ్ల రిస్క్‌తో భాగించినది) 7.4 నుంచి 9.6కి ఎగబాకుతుంది. ఆడ్స్ రేషియో మాత్రం 14 దగ్గరే నిలుస్తుంది. ఈ డిజైన్‌లో దాన్ని వాడేది అందుకే.

కానీ ఆ 14ని ఒంటరిగా రాయకండి. నాలుగు గడుల్లోని అంకెలకు విలోమాలు తీసి కూడి, వర్గమూలం తీస్తే లాగ్ ఆడ్స్ రేషియోకి స్టాండర్డ్ ఎర్రర్ 0.735 వస్తుంది. దాన్నిబట్టి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండగల హద్దులు) 3.3 నుంచి 59 దాకా. ఇంత వెడల్పు ఎక్కడిది? ఆ ‘2’ ఉన్న గడిది. దాని విలోమం ఒక్కటే 0.5, మిగతా మూడూ కలిపినా 0.04. శాంపిల్ 1298 ఉందని మురిసిపోతే చాలదు, అతి చిన్న గడిలో ఎందరున్నారో చూడాలి.

ఇక చదవడంలో జరిగే పొరపాటు. 1999లో అమెరికాలో 720 మంది డాక్టర్లకు గుండెనొప్పి రోగులుగా నటించిన వాళ్ల వీడియోలు చూపించారు. కార్డియాక్ కాథెటరైజేషన్‌కి (గుండెలోకి సన్నని గొట్టం పంపి చేసే పరీక్షకి) మగవాళ్లను పంపమన్నది 90.6 శాతం, ఆడవాళ్లను 84.7 శాతం. ఆడ్స్ రేషియో 0.6. పత్రికలు ‘40 శాతం తక్కువ’ అని రాసేశాయి. నేరుగా భాగిస్తే 0.93, అంటే 7 శాతమే తక్కువ. పైగా తేడా అంతా నల్లజాతి మహిళల దగ్గరే ఉంది, వాళ్లకు 78.8 శాతం. వివక్ష నిజమే. దాని కొలతనూ, అది ఎవరి మీద పడిందో అన్నదాన్నీ తప్పుగా చెప్పడం ఆ మహిళలకు కూడా అన్యాయమే.

ఫలితం పది శాతం మందికి మించి కనిపించే కోహార్ట్‌లో (ఒక గుంపును కొంతకాలం గమనించే స్టడీలో), ట్రయల్‌లో రిస్క్ రేషియోనే ఇవ్వండి. ఆడ్స్ రేషియో మాత్రమే చేతిలో ఉంటే, పోల్చే గుంపు రిస్క్‌ని ‘పి’ అనుకుని, ఆ ఆడ్స్ రేషియోని (1 − పి + పి × ఆడ్స్ రేషియో)తో భాగించండి. లాజిస్టిక్ రిగ్రెషన్‌లో అడ్జస్ట్ చేసి తీసిన ఆడ్స్ రేషియోకి మాత్రం ఈ సూత్రం వాడొద్దు, జవాబు పక్కకు పోతుంది. అక్కడ రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్‌తో పాయ్‌సాన్ (Poisson) రిగ్రెషన్ వేయండి.