ఆదివారం ఉపవాసం, సోమవారం బరువు

శ్రోతలకు నమస్కారం.

అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుని ఆదివారాలు ఒక్కపొద్దు ఉండేవాళ్లు మన శ్రీకాకుళంలో ఏ వీధిలోనైనా కనిపిస్తారు. అది వాళ్లకీ ఆ స్వామికీ మధ్య విషయం. కానీ ఈమధ్య చాలామంది అదే ఉపవాసాన్ని బరువు తగ్గడానికి కూడా నమ్ముకుంటున్నారు. ఇవాళ ఆ ఒక్క సంగతే మాట్లాడుకుందాం.

మా వీధిలో ఒక అక్క ఉంది. నలభై దాటాయి. మాఘమాసంలో ఆదివారాలు మొదలుపెట్టి ఏడాదంతా కొనసాగించింది. పగలంతా మంచినీళ్లే. సోమవారం పొద్దున్న మందులషాపు దగ్గర మిషను ఎక్కితే కేజీ తగ్గేది. ముఖం వెలిగిపోయేది. గురువారం ఎక్కితే ఆ కేజీ మళ్లీ అక్కడే. ఒకరోజు నన్ను ఆపి అడిగింది: "ఏటి తమ్ముడూ, అంత కడుపు మాడ్చుకున్నాను, ఆ తగ్గిందంతా ఎటెల్లిపోనాది?"

పోయిందీ ఎక్కువగా నీరే అక్కా, తిరిగొచ్చిందీ నీరే. మనం తిన్న అన్నంలో కొంత గ్లైకోజెన్‌గా మారి కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి ఆపగానే శరీరం ముందు ఆ నిల్వను వాడుకుంటుంది, నీరు బయటికి పోతుంది. పేగుల్లో తిండి బరువూ తగ్గుతుంది. మళ్లీ అన్నం తినగానే నిల్వా వస్తుంది, నీరూ వస్తుంది.

మరి కొవ్వు ఎంత కరిగినట్టు? కేజీ కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు. అక్కలాంటి మనిషికి రోజుకు ఖర్చయ్యేది దాదాపు 2,000. అంటే రోజంతా ఏమీ తినకపోయినా కరిగేది మహా అయితే పావుకేజీ. పావుకేజీ తక్కువేం కాదు, నిలబెట్టుకుంటే! నిలబడనివ్వనిది సాయంత్రం ఫలహారం. నూనె ఓడే అట్లు, అరటిపళ్లు, పంచదార పాలు. పెద్ద చెంచా నూనెలోనే 120 కేలరీలుంటాయి. సోమవారం "నిన్న తినలేదు కదా" అని ఇంకో గరిటె అన్నం.

ఉపవాసంలాంటిదే, రోజులో కొన్ని గంటలే తినే పద్ధతి మీద 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌ వైద్యులు ఒక పరిశోధన ప్రచురించారు. స్థూలకాయం ఉన్న 139 మందికి ఏడాదిపాటు ఒకేలా తిండి తగ్గించారు. సగం మంది ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినాలి, మిగతావాళ్లకు వేళ నియమం లేదు. మొదటివాళ్లు సగటున 8 కేజీలు, రెండోవాళ్లు 6.3 కేజీలు తగ్గారు. ఆ తేడాను గట్టిగా లెక్కలోకి తీసుకోలేమని తేలింది. తగ్గించింది తిండి మోతాదే.

అందుకని ఉపవాసం మానమని నేననను. కొందరికి ఒక పూట పూర్తిగా మానడమే తేలిక, అలాంటివాళ్లు చేసుకోవచ్చు. నా మటుకు నాకు వారానికోరోజు మాడడంకన్నా రోజూ రాత్రి గరిటెడు అన్నం తగ్గించి, పెందలాడే భోజనం ముగించడం మేలనిపిస్తుంది. అక్క ఆదివారం మానలేదు. సాయంత్రం అట్లు మానేసి ఉడికించిన పెసలు, పెరుగు, జామకాయ తింటోంది. తిండి బాగా తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, అందుకే ఆ పెసలు. బరువు నెమ్మదిగా దిగుతోంది.

ఇక ఒక్క మాట, ఇది మాత్రం గట్టిగా చెప్తాను. నీళ్లు మానకండి. ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, పలాస ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మనకు తెలుసు. ఎండలో తోటపని చేస్తూ నీళ్లు కూడా తాగని ఉపవాసం కిడ్నీలకు చాలా బరువు. రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువని చెప్పించుకున్నవాళ్లు, షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టరుని అడక్కుండా ఒక్క పూట కూడా మానొద్దు. మందు వేసుకుని తిండి మానితే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే, మనిషి స్పృహలో ఉంటే, వెంటనే పంచదార నీళ్లు తాగించండి. ఒక్కపొద్దు రోజైనా సరే తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

నమస్కారం.