బొగ్గులో పాతిక సెంట్లు

అందరికీ నమస్కారం. మాట్లాడబోయేది బొగ్గు గురించి, అందులోనూ నీళ్ల ఫిల్టర్లలో వాడే, సన్న రంధ్రాలు తెరిచిన బొగ్గు, అంటే యాక్టివేటెడ్ కార్బన్ గురించి, కాబట్టి స్లైడ్లు రంగురంగులుగా ఉండవు, సర్దుకోండి.

కట్టెను గాలి తగలకుండా 500 డిగ్రీల దాకా కాలిస్తే బొగ్గవుతుంది, సర్కారు తుమ్మ కొట్టి బట్టీ పెట్టేవాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు. కట్టెలో ముఖ్యంగా ఉండేవి మూడు పదార్థాలు: ముందు హెమీసెల్యులోజ్ పోతుంది, 300 దాటాక సెల్యులోజ్ విరిగిపోతుంది, లిగ్నిన్ మాత్రం మొండిది, నెమ్మదిగా విడిపోతూ చివరిదాకా నిలబడి బొగ్గులో పెద్ద వాటా తనదే చేసుకుంటుంది. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు పైకి పంపిన గొట్టాలు కూడా బొగ్గులో అలాగే మిగులుతాయి, మైక్రోస్కోప్ కింద చక్కగా కనిపిస్తాయి. కాకపోతే అవి మరీ పెద్దవి. నీళ్లలోని వాసననో, రంగునో పట్టుకోవాలంటే కొన్ని నానోమీటర్ల (మిల్లీమీటరులో పది లక్షలో వంతు ఒక నానోమీటర్) రంధ్రాలు కావాలి, 2 నానోమీటర్ల కంటే సన్నవైతే మరీ మంచిది. బొగ్గులో అలాంటి సన్న రంధ్రాలు ఉన్న కొద్దిపాటివీ తారుతో మూసుకుపోయి ఉంటాయి.

వాటిని తెరవడానికి పాత పద్ధతి ఆవిరి. 800, 900 డిగ్రీల దగ్గర ఆవిరి పంపితే అది కార్బన్‌ను కార్బన్ మోనాక్సైడ్‌గా మార్చి బయటికి లాక్కుపోతుంది, పోయిన చోట రంధ్రం మిగులుతుంది. అంటే రంధ్రం కావాలంటే సరుకు పోగొట్టుకోవాల్సిందే. 100 కిలోల ఎండు కట్టెకు సుమారు 25, 30 కిలోల బొగ్గు వస్తే, అందులో సగం ఆవిరికే పోతుంది. మిగిలినదాంట్లో ఒక్క గ్రాము లోపలి వైశాల్యం 1000 చదరపు మీటర్లు, అంటే పాతిక సెంట్ల స్థలం!

రంపపు పొట్టును ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టి 500 డిగ్రీల దగ్గరే కాల్చడం ఇంకో దారి. దిగుబడి ఎక్కువ, రంధ్రాలు కాస్త వెడల్పు, చక్కెర పాకం రంగు తీయడానికి బాగా పనికొస్తుంది. పొటాషియం హైడ్రాక్సైడ్ వాడితే గ్రాముకు 2000, 3000 చదరపు మీటర్లు కూడా వస్తాయి, అందుకే ల్యాబుల్లో దానికంత మోజు. నాకైతే అనుమానమే. బొగ్గు కంటే రెండు మూడు రెట్ల బరువు క్షారం పోయాలి, అది కొలిమిని తినేస్తుంది, ఇక కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తారు? సూపర్‌కెపాసిటర్ (కరెంటు దాచుకునే పరికరం) లాంటి ఖరీదైన వస్తువుకు గిట్టుబాటు కావచ్చేమోగానీ, నీళ్ల ఫిల్టర్‌కు అంత హంగామా దండగ.

మరి ఈ బొగ్గు చేయడానికి కట్టె ఎందుకు, కాగితం మిల్లుల లిగ్నిన్ ఊరికే వస్తుంది కదా అంటారు. రాదు. సుబాబుల్, జామాయిల్, సరుగుడు కర్రను ఉడికించి గుజ్జు తీశాక మిగిలే నల్లటి ద్రవంలో అది ఉంటుంది నిజమే, కానీ మిల్లు దాన్ని బాయిలర్లో కాల్చి తన ఆవిరి తానే చేసుకుంటుంది. మనం పట్టుకుపోతే ఆ వేడికి బదులు ఇంకేదో కాల్చాలి, దాన్నీ లెక్కలో వేయకుండా "పునరుత్పాదకం" అనేస్తే ఎలా? పైగా వేడి తగలగానే లిగ్నిన్ కరిగి పొంగుతుంది, ముందు గాలిలో నిదానంగా వేడిచేసి గట్టిపరచాలి.

నల్గొండ వైపు వాళ్లకు ఒక మాట. మామూలు యాక్టివేటెడ్ కార్బన్ ఫ్లోరైడ్‌ను పెద్దగా పట్టదు, దానికి సేంద్రియ అణువులంటేనే ఇష్టం. ఫ్లోరైడ్‌కు యాక్టివేటెడ్ అల్యూమినా (రంధ్రాలున్న అల్యూమినియం ఆక్సైడ్) ఉంది, పటిక, సున్నం కలిపే నల్గొండ పద్ధతి ఉంది. అన్నింటికీ మా బొగ్గే అని ఎవరైనా అమ్మజూపితే, అయోడిన్ నంబర్ (గ్రాము బొగ్గు పట్టుకునే అయోడిన్) ఎంత, మిథిలిన్ బ్లూ అనే నీలి రంగును ఎంత పట్టుకుంటుంది అని అడగండి. మొదటిది సన్న రంధ్రాల లెక్క, రెండోది కాస్త పెద్దవాటి లెక్క.