పక్కింటి సలహా, మనింటి బిడ్డ: కర్నూలు స్టూడియోలో ఒక చర్చ

(రికార్డు చేసిన కార్యక్రమానికి రాతరూపం. పాల్గొన్నవాళ్లు పేర్లు వద్దన్నారు కాబట్టి వేయలేదు. మాటలు అక్కడక్కడ కుదించాం, భావం మార్చలేదు.)

నిర్వాహకురాలు: నమస్కారం. పోయిన వారం కార్యక్రమం అయిపోయాక ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, మా పాపకు పదమూడు నెలలు, ఇంకా నడవడం లేదు. కిందికి దిగాలంటే భయంగా ఉంది. పార్కింగ్‌లో అందరూ అదే అడుగుతారు" అని ఏడ్చింది. పాప నడవనందుకు కాదు, తాను కిందికి దిగలేకపోతున్నందుకే ఆ ఏడుపు. ఆ మాట నన్ను వారమంతా వదల్లేదు, అందుకే ఆమెనే పిలిచాం. వెంకటరమణ కాలనీ నుంచి వచ్చింది. మనతో పిల్లల డాక్టరు గారు ఉన్నారు. బి క్యాంపు నుంచి పెద్దమ్మ వచ్చారు, ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఇళ్లలో బాలింతలకు, పసిబిడ్డలకు నీళ్లు పోస్తున్నారు. ఆర్టీసీలో పనిచేసే అన్న కూడా ఉన్నారు, ఇద్దరు పిల్లల తండ్రి. అమ్మా, నువ్వే మొదలుపెట్టు.

తల్లి: మా అమ్మావాళ్లది ఆదోని, మేడమ్. ఐదో నెల దాకా అమ్మ దగ్గరే ఉండింది. తర్వాత నాన్నకు బాగాలేక వెళ్లిపోయింది. మా ఆయన పొద్దున ఎనిమిదికి పోతే రాత్రే వచ్చేది. పాపా, నేనూ. సాయంత్రం కిందికి దిగితే నలుగురు ఆడవాళ్లు కూర్చొని ఉంటారు. "ఇంకా నడవలేదా? మావాడు తొమ్మిదో నెలకే పరుగులు పెట్టినాడు" అంటారు. ఒకరు అంటే పర్లేదు. నలుగురూ అంటే రాత్రి నిద్ర పట్టదు. పడుకున్న పాప కాళ్లు పట్టుకొని చూసుకుంటాను, ఏమన్నా తేడా ఉందా అని.

డాక్టర్: నిలబడుతుందా పాప?

తల్లి: మంచం పట్టుకొని నిలబడుతుంది. అట్లే పట్టుకొని పక్కకు నాలుగడుగులు వేస్తుంది.

డాక్టర్: పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుందా? కావాల్సింది వేలితో చూపిస్తుందా?

తల్లి: అన్నీ చేస్తుంది. మా ఆయన బండి చప్పుడు వినిపిస్తే చాలు, తలుపు దగ్గరికి పాకుతుంది.

డాక్టర్: అయితే ఈ రాత్రి హాయిగా పడుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి ఐదు దేశాల పిల్లల్ని నెలనెలా గమనించి, 2006లో లెక్క ప్రచురించింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో తమంతట తాము నడవడం ఎనిమిది నెలలు దాటాక మొదలై, పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడైనా వస్తుంది. అంత తేడా ఉంది! తొమ్మిదో నెలకు నడిచినవాడు గొప్పా కాదు, పదహారో నెలకు నడిచినవాడు తక్కువా కాదు. పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోతే తప్పకుండా చూపించాలి. అంతకుముందే ఒక కాలు ఈడ్చినా, ఒళ్లు మరీ బిగుసుకుపోయినట్టో మెత్తబడినట్టో ఉన్నా, నేర్చుకున్నది మర్చిపోతున్నా వెంటనే రావాలి.

తల్లి: పైఫ్లోర్ అక్క వాకర్ ఇచ్చింది మేడమ్, త్వరగా నడుస్తుందని.

డాక్టర్: అది వాడొద్దు. వాకర్‌లో బిడ్డ మునివేళ్ల మీద తోసుకుంటూ పోతుంది. తన పాదాలు తనకు కనపడవు, ఒళ్లు నిలబెట్టుకోవడం నేర్చుకోదు. పైగా మెట్ల దగ్గర క్షణంలో దొర్లిపోతుంది. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. కింద చాప పరిచి వదిలేయండి, అంతకన్నా మంచి వాకర్ లేదు.

తల్లి: ఎట్లా వెనక్కివ్వాలి మేడమ్? ప్రేమతో ఇచ్చింది. తుడిచి, కొత్త గుడ్డ కప్పి మరీ తెచ్చింది.

పెద్దమ్మ: నేను చెప్తా విను తల్లీ. వాకర్ తీసుకొని నువ్వే పైకి పో. "అక్కా, డాక్టరమ్మ వద్దనింది, ఇది తీసుకో. నీ పాత నూలు చీర ఒకటి ఇయ్యి, ఉయ్యాల కట్టుకుంటా" అను. ఒట్టి చేతులతో వెనక్కిస్తే ఆమెకు మనసు నొస్తుంది. ఇంకోటి అడిగితే సంతోషపడుతుంది. నా చీరలో ఆ బిడ్డ నిద్రపోతుందని నలుగురికీ చెప్పుకుంటుంది.

నిర్వాహకురాలు: ఇది నేను కూడా నేర్చుకోవాల్సిందే పెద్దమ్మా. అన్నా, మీ ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లు. చుట్టుపక్కలవాళ్ల మాటలు అప్పటికి తగ్గుతాయా?

తండ్రి: తగ్గేదేముంది మేడమ్, మాట మారుతుంది అంతే. నడక పోయి మార్కులు వస్తాయి, మార్కుల వెనక ఇంకోటి వస్తుంది. మా పాప తొమ్మిదో తరగతి. ఒకరోజు డ్యూటీ దిగి వస్తుంటే వీధి మొదట్లోనే ఒకాయన ఆపినాడు. "మీ అమ్మాయి రాజ్‌విహార్ దగ్గర ఎవరో పిల్లోడితో మాట్లాడుతుండింది, చూసుకో" అన్నాడు. నేను ఇంటికి పోయి చెప్పులు కూడా విప్పలేదు. గట్టిగా అరిచినాను. ఆ పిల్లోడు వాళ్ల క్లాసే. ఇద్దరూ కలిసి సైన్స్ ప్రాజెక్టుకు చార్టు కొనడానికి పోయినారు. చుట్టిన చార్టు బల్ల మీదే ఉంది. నేను దాన్ని చూడలేదు మేడమ్.

నిర్వాహకురాలు: తర్వాత?

తండ్రి: క్షమించమని అడిగినా. మాట్లాడుతుంది గానీ, ముందులా స్కూల్లో ఏం జరిగిందో తనంతట తాను వచ్చి చెప్పడం మానేసింది. నెలలు పట్టింది. ఇప్పుడు ఎవరేం చెప్పినా నేను చేసేది ఒకటే. బట్టలు మార్చుకొని, అన్నం తిని, ఆ తర్వాత పాప పక్కన కూర్చొని "ఈరోజు ఎట్లా గడిచింది?" అంటా. ఆయన చెడ్డవాడు కాదు, నా బిడ్డ మేలు కోరే చెప్పినాడు. తొందరపడింది నేను.

నిర్వాహకురాలు: అమ్మా, మందు సంగతి ఒకటి ఫోన్లో చెప్పావు. అది కూడా చెప్పు, చాలా ఇళ్లలో జరిగేదే.

తల్లి: పధ్నాలుగు వారాల టీకా వేయించిన రాత్రి. ఒళ్లు కాలిపోతుంది. పదకొండు దాటింది. పైఫ్లోర్ అక్కకు ఫోన్ చేస్తే నైటీలోనే పరుగెత్తుకొచ్చింది, చేతిలో సిరప్. "మావాడికి ఐదు ఎంఎల్ వేస్తా, నువ్వూ వేయి" అంది. నేను మూతలో పోసేసినా. మా ఆయన ఎందుకో సీసా లైటు కింద పెట్టి చదివినాడు. ఐదు ఎంఎల్‌లో 250 మిల్లీగ్రాములు అని ఉంది. ఆసుపత్రి చీటీ మీద మాకు రాసిచ్చింది డ్రాప్స్. రెండూ ఒకటేనా కాదా తెలియదు. ఆ మూత అట్లే చేతిలో పట్టుకొని నిలబడినా.

డాక్టర్: మీ ఆయన చేసిన పని ప్రతి ఇంట్లో జరగాలి. పారాసెటమాల్ బిడ్డ బరువును బట్టి వేయాలి, వయసును బట్టి కాదు. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. అప్పుడు మీ పాప ఎంత ఉండేది?

తల్లి: ఆరు కిలోలు.

డాక్టర్: అంటే ఒక్కసారికి 60 నుంచి 90 మిల్లీగ్రాములు చాలు. ఆ మూతలో ఉన్నది 250, దాదాపు మూడింతలు. ఆ అక్క బాబుకు ఎన్నేళ్లు?

తల్లి: ఐదు నిండినాయి.

డాక్టర్: వాడి బరువుకు సరిపోయి ఉంటుంది. ఆమె అబద్ధం చెప్పలేదు, తన బిడ్డ కొలత చెప్పింది. డ్రాప్స్‌తో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చుక్కల మందు చాలావాటిలో ఒక్క ఎంఎల్‌లోనే 100 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్ అనుకొని అది ఐదు ఎంఎల్ పోస్తే 500 అవుతుంది. అట్లా మళ్లీ మళ్లీ పోస్తే కాలేయం దెబ్బతినొచ్చు. అందుకే ఎంఎల్ ఎంత అని పక్కవాళ్లను అడగొద్దు. మీ సీసా మీద అంకె చూసుకోండి, ఆ సీసాతో వచ్చిన కొలతే వాడండి, వంటింటి చెంచా వద్దు. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు. ఇంకో మాట, మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో మందు వేసి చూద్దామనుకోవద్దు, రాత్రయినా ఆసుపత్రికి పోవాలి.

నిర్వాహకురాలు: పెద్దమ్మా, మీరు చాలాసేపటి నుంచి డాక్టరు గారిని ఏదో అడగాలని చూస్తున్నారు.

పెద్దమ్మ: మన కర్నూలు ఎండ నీకు తెలియంది కాదు డాక్టరమ్మా. మే నెలలో బండలు కాలుతుంటాయి. మూడు నెలల బిడ్డకు గుక్కెడు నీళ్లు పోయొద్దంటారే, దాహం కాదా?

డాక్టర్: అవుతుంది పెద్దమ్మా, ఆ దాహం పాలే తీరుస్తాయి. తల్లిపాలలో వందకు 87, 88 భాగాలు నీళ్లే. బిడ్డ కడుపు చిన్నది, నీళ్లతో నింపితే పాలు తగ్గుతాయి. నీళ్లు శుభ్రంగా లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. ఆరు నెలలు నిండేదాకా పాలే. ఎండాకాలం తల్లి చెంబు నిండా నీళ్లు తాగాలి, బిడ్డకు ఇంకో రెండుసార్లు ఎక్కువ పాలివ్వాలి. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తుంటే బిడ్డకు నీళ్లు చాలినట్టే.

పెద్దమ్మ: సరే, ఇది ఒప్పుకుంటా. ఇంకోటి. నీళ్లు పోసినాక చెవిలో ఊదుతాము, ముక్కులో రెండు చుక్కలు కొబ్బరినూనె వేస్తాము, సాంబ్రాణి పట్టిస్తాము. మా అత్త నేర్పింది.

డాక్టర్: ఒళ్లంతా నూనె రాసి మీరు మర్దన చేసేది మంచిదే పెద్దమ్మా, దాన్ని మానొద్దు. ముక్కులో, చెవిలో మాత్రం నూనె వద్దు. ముక్కులో వేసిన నూనె బిడ్డ ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. నీళ్లయితే దగ్గు వస్తుంది, నూనెకు దగ్గు కూడా సరిగ్గా రాదు, లోపలే ఉండిపోతుంది. దానివల్లే నిమ్ము చేస్తుంది. పొగ కూడా అంతే. తల మెత్తని గుడ్డతో ఒత్తితే ఆరిపోతుంది.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

పెద్దమ్మ: మా వెనక వీధిలో ఒక బిడ్డకు నాలుగో నెలలో నిమ్ము చేసి ఆసుపత్రిలో పెట్టినారు. బతికింది. ఇప్పుడు కాలేజీకి పోతుంది. రోజూ నేనే నీళ్లు పోసేదాన్ని. నా చేతి నూనెనా డాక్టరమ్మా?

డాక్టర్: ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. నిమ్ముకు చాలా కారణాలుంటాయి. ఆ బిడ్డను మీరు ఎంత జాగ్రత్తగా పట్టుకొని ఉంటారో నాకు తెలుసు.

పెద్దమ్మ: ఇంక వేయను. మా కోడలితో కూడా చెప్తా. నేను నేర్పించిన వాళ్లు ఇంకా ఇద్దరున్నారు, వాళ్లతో కూడా చెప్పాలి.

నిర్వాహకురాలు: ఇన్నేళ్ల అలవాటును మైకు ముందు వదులుకోవడం చిన్న విషయం కాదు. పెద్దమ్మా, మీకు దండం పెట్టాలనిపిస్తోంది. పక్కవాళ్ల మాటలు అసలు వినొద్దని కొందరు అంటున్నారు. మీరేమంటారు?

పెద్దమ్మ: అట్లా అనొద్దమ్మా. 2009లో అక్టోబరు రెండో తేదీ, తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు మేము వన్‌టౌన్‌లో ఉన్నాము. చూస్తుండగానే నీళ్లు నడుముదాకా వచ్చినాయి. నా చంకలో మనవడు, ఏడు నెలలు. ఎదురింటాయన మిద్దె మీద నుంచి పంచె వేలాడదీసి మమ్మల్ని లాగినాడు. ఒకే మిద్దె మీద ఐదిళ్లవాళ్లం. నా కోడలు ఇంకో పక్క చిక్కుకుపోయింది. పిల్లోడు ఆకలికి ఏడుస్తుంటే ఎదురింటామె కోడలు, ఆమెకూ చంటిబిడ్డ ఉంది, నా మనవడిని తీసుకొని పాలిచ్చింది. అంతకుముందు కొళాయి దగ్గర నాకూ వాళ్లకూ మాటల్లేవు. నా మనవడిని ఆ రాత్రి నిలిపింది ఆమె. ఇరుగుపొరుగు వద్దు అని నా నోటితో ఎట్లా అనేది?

తల్లి: నేనూ వద్దనడం లేదు పెద్దమ్మా. ఆ రాత్రి సిరప్ తెచ్చిన అక్కే తెల్లవారి మూడు దాకా పాపను భుజాన వేసుకొని తిరిగింది. నేను అంతసేపు పడుకున్నా. ఆ మూడు గంటల నిద్ర నాకు ఇప్పటికీ గుర్తుంది. కిందికి దిగితే పాప నడిచిందా, తింటుందా, బక్కగా ఉందేమి అని అడుగుతారు. "నువ్వు తిన్నావా, పడుకున్నావా" అని అడిగినవాళ్లు లేరు. ఒక్కరు ఒక్క గంట పాపను ఎత్తుకుంటే చాలు నాకు. తల దువ్వుకుంటా.

డాక్టర్: ఈ మాట ప్రసారం చేసేటప్పుడు కోత పెట్టకండి మేడమ్. నా దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామందికి నేను మందు రాయాల్సింది బిడ్డకు కాదు, తల్లికి నిద్ర. నెలల తరబడి దిగులు, ఊరికే ఏడుపు, బిడ్డను చూస్తే ఏమీ అనిపించకపోవడం ఉంటే అది వైద్యంతో తగ్గేదే, సిగ్గు పడకుండా రావాలి. చుట్టుపక్కలవాళ్లు అది ముందుగా గమనించగలరు, రోజూ చూసేది వాళ్లే కదా.

నిర్వాహకురాలు: సమయం అయిపోతోంది. అన్నా, ఏమన్నా చెప్తారా?

తండ్రి: లేదు మేడమ్, పాపకు ఫోన్ చేసుకోవాలి. స్కూలు వదిలే టైమయింది.

పెద్దమ్మ: అమ్మాయ్, మీ అపార్ట్‌మెంటుకు ఎట్లా రావాలి? వాటర్ ట్యాంకు పక్క సందేనా?

తల్లి: అవును పెద్దమ్మా. రెండో అంతస్తు. లిఫ్టు పనిచేయదు.

పెద్దమ్మ: మెట్లు ఎక్కుతాలే. ఆదివారం పదిగంటలకు వస్తా. నీళ్లు కాచి పెట్టు, పాపకు నేను పోస్తా. నువ్వు పడుకో. నూనె ఒంటికే.