నచ్చింది సరే, ఎందుకు నచ్చింది?

శ్రోతలకు నమస్కారం.

పుస్తకం ఎలా ఉందని అడిగితే మనలో చాలామంది ‘బాగుంది’ అంటాం, లేదా ‘నాకు ఎక్కలేదు’ అంటాం. అంతకుమించి చెప్పాల్సింది విమర్శకులే అన్న బెరుకు మనది. ఆ బెరుకు అక్కర్లేదు. మనకు కలిగిన ఇష్టానికో విసుగుకో కారణం వెతుక్కుంటే చాలు, పుస్తకం గురించి విలువైన మాట చెప్పగలం.

త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ సంగతే చూడండి. 1940లలో రాసిన ఈ చిన్న నవలను ఆయన తండ్రి రామస్వామి చౌదరికి అంకితమిచ్చారు, ఎందుకు అని ప్రశ్నించడం నేర్పినందుకు. కథానాయకుడు సీతారామారావు గొప్ప వంశంలో పుట్టాడు. ఆస్తి కరిగిపోయినా వంశ ప్రతిష్ఠను మాత్రం వదల్లేక కుంగిపోతాడు. చదివినవారిలో కొందరు అతని మీద జాలిపడతారు. మరికొందరు, ఏదో ఒక పని చూసుకోక ఎంతసేపూ ఈ ఆలోచనలేమిటని విసుక్కుంటారు. ఆ విసుగు నవలకు లోపమని నేను అనుకోను. గోపీచంద్ అతణ్ని వెనకేసుకు రాలేదు, మనల్ని అతని మనసులో కూర్చోబెట్టారు. అక్కడ ఊపిరాడకపోతే రచయిత గెలిచినట్టే. కాలేజీ రోజుల్లో చదివినవారికి ఇందులో సీతారామారావు ఒక్కడే కనిపిస్తాడు. సంసార భారం మోసిన తర్వాత చదివితే భార్య ఇందిర కనిపిస్తుంది. ఆయనగారు జీవితానికి అర్థం వెతుకుతున్నంతసేపూ ఆ ఇంటిని నెట్టుకొచ్చింది ఎవరన్న ప్రశ్న అప్పుడు మొదలవుతుంది.

డాక్టర్ కేశవరెడ్డి రాసిన ‘అతడు అడవిని జయించాడు’ మరో రకం. చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ జిల్లాలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన రచయిత ఆయన. పందులు మేపుకునే ఒక ముసలివాడు, తప్పిపోయిన చూలు పంది, అడవి, ఒక రాత్రి. ఇంతే కథ. చదివినవారు వెంటనే అమెరికన్ రచయిత హెమింగ్వే ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ నవలలో సృష్టించిన ముసలి జాలరిని తలుచుకుంటారు. తలుచుకోవడం సహజమే, కానీ అక్కడే ఆగిపోతే ఈ నవలకు అన్యాయం జరుగుతుంది. జాలరి చేపను పట్టడానికి వెళ్లాడు. ఈ ముసలివాడు తాను సాకిన ప్రాణిని కాపాడుకోవడానికి వెళ్లాడు. ఈనిన తల్లికి మాత్రం పిల్లల వైపు వచ్చే ప్రతి ఒక్కరూ శత్రువే, సాకినవాడితో సహా. కాపాడటానికి వచ్చినవాడే భయపెట్టేవాడు కావడం జాలరి కథలో లేదు. ఈ పుస్తకాన్ని ఇంకా చదవనివారి కోసం ముగింపు చెప్పడం లేదు.

కథలు కాని పుస్తకాల దగ్గరకు వస్తే మన బెరుకు ఇంకా పెరుగుతుంది. ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ పేరు చూసి భక్తి పుస్తకమనుకునేవారున్నారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుభాషీగా, అంటే ఒక భాషలోని మాటను మరో భాషలో చెప్పేవాడిగా, పనిచేసిన ఈ పెద్దమనిషి 1830 మేలో పరివారంతో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. పుస్తకం 1838లో అచ్చయింది. దేవాలయాలతో పాటు దారి ఎలా ఉంది, మంచినీళ్లు ఎక్కడున్నాయి, ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుంది అన్నవి కూడా ఇందులో ఉంటాయి. ఏకబిగిన చదివితే విసుగు పుడుతుంది. పక్కన పటం పెట్టుకుని రోజుకు రెండు మజిలీల చొప్పున చదవండి. రైలు లేని దేశం ఎంత పెద్దదో అప్పుడు తెలుస్తుంది.

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వచ్చింది. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన పుస్తకమిది. రాజుల యుద్ధాలను పక్కనపెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అన్నది ఆయన కావ్యాల్లోంచీ సామెతల్లోంచీ ఏరి తెచ్చారు. చరిత్రకారుడు ఇంత గట్టిగా సొంత అభిప్రాయాలు చెప్పవచ్చా అని కొందరు పాఠకులు అడుగుతారు. ఆ అభిప్రాయాలన్నిటితో నేనూ ఏకీభవించను. అయినా అవి లేకపోతే ఈ పుస్తకం వట్టి పట్టికగా మిగిలేది. మొత్తం చదివే తీరిక లేనివారు కాకతీయుల కాలం గురించిన అధ్యాయంతో మొదలుపెట్టండి. ఆ వెంటనే ఆనాటి ఓరుగల్లు జీవితాన్ని చూపే పాత కావ్యం ‘క్రీడాభిరామం’ తెరిస్తే, అక్కడి పూటకూళ్ల ఇంట్లో ఒక రూక (ఆనాటి నాణెం) ఇచ్చినవారి విస్తట్లో ఏమేమి పడేవో పద్యంలోనే దొరుకుతుంది.

సెలవు.