ఐరిష్ ఫిడేలు పాఠం: ఒకే రీల్, ఎన్నో రూపాలు

నమస్కారం. రీల్ అంటే వేగంగా సాగే ఒక రకం నృత్య బాణీ. ఒకే ఐరిష్ రీల్‌ను ఇద్దరు ఫిడేలు వాద్యకారుల నోట, అంటే కమాను నోట, వింటే అవి రెండు వేర్వేరు బాణీలేమో అన్న అనుమానం కలుగుతుంది. ఈ పాఠంలో ఏది మారుతుందో, ఏది మారదో చెవితో గుర్తుపట్టడం నేర్చుకుందాం.

రీల్‌లో సాధారణంగా ఎనిమిదేసి బార్ల (బారు అంటే నాలుగు తాళపు దెబ్బల కొలత) భాగాలు రెండుంటాయి. ఒక్కొక్కదాన్ని రెండుసార్లు వాయిస్తే 32 బార్లతో ఒక ఆవృత్తి పూర్తవుతుంది. ఈ చట్రమూ, బలమైన తాళపు దెబ్బ మీద పడే ముఖ్య స్వరాలూ చాలావరకు నిలుస్తాయి. వాటి మధ్యనున్న ఖాళీని ఎలా నింపాలన్నది వాద్యకారుడి ఇష్టం.

నా చేతిని గమనించండి. డి తీగ మీద మూడో వేలితో జి స్వరాన్ని మూడు క్వేవర్ల సేపు, అంటే తాళపు దెబ్బన్నర సేపు, పట్టుకున్నాను. ఇప్పుడు అదే వ్యవధిలో జి, ఏ, జి, ఎఫ్ షార్ప్, జి అని వాయిస్తాను. దీన్ని రోల్ అంటారు. ఇందులో పై స్వరమూ కింది స్వరమూ స్పష్టంగా పలకనక్కరలేదు, వేలు తీగను తాకీ తాకనట్టు తాకితే చాలు. మూడోసారి ఎడమచేతిని కదపకుండా, కమానుతోనే మూడు చిన్న దెబ్బలు వేస్తాను, ఇది ట్రెబుల్.

ఐర్లండ్‌లోని డోనిగాల్‌కు చెందిన జాన్ డోహర్టీ వాదనంలో ఈ ట్రెబుల్స్, స్వరానికో కమాను దెబ్బ చొప్పున సాగే పదునైన పలుకు వినిపిస్తాయి. స్లైగోలో పుట్టిన మైకేల్ కోల్మన్ స్వరాలను ఒకే కమానులో కలుపుతూ, రోల్స్‌తో అలంకరిస్తూ పరుగెత్తిస్తాడు. తూర్పు క్లేర్ శైలిలో పెరిగిన మార్టిన్ హేస్ చేతిలో అలాంటి రీలే నెమ్మదించి, దిగులుగా వినిపిస్తుంది.

కోల్మన్ 1921 నుంచి 1936 వరకు న్యూయార్క్‌లో ఇచ్చిన రికార్డులు ఐర్లండ్‌కు తిరిగివెళ్లి, అక్కడి ఎందరికో ప్రమాణ పాఠాలయ్యాయి. నాకు ఇది కొంత విచిత్రంగా తోస్తుంది, ఎందుకంటే ఆ రికార్డుల్లోనే ఆయన రెండో ఆవృత్తిని మొదటిదానిలా వాయించడు. షికాగో పోలీసు అధిపతి ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో అచ్చువేయించిన 1850 బాణీల సంకలనాన్ని కూడా ఈ జాగ్రత్తతోనే చూడాలి. అచ్చులో కనిపించేది ఆ బాణీకున్న అనేక రూపాల్లో ఒకటి మాత్రమే.

కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఇవి సంగతుల్లా అనిపించవచ్చు. అయితే సంగతులు గురువు నేర్పిన వరుసలో పెరుగుతూ పోతాయి; ఇక్కడి మార్పులు చాలా చిన్నవి, వాటికి నిర్ణీతమైన వరుస లేదు. పైగా డి మేజర్ బాణీలో ఒకరు సి షార్ప్ వేసేచోట మరొకరు సి నాచురల్ వేయవచ్చు. మన లెక్కలో శంకరాభరణం హరికాంభోజి అయిపోయినట్టే, కానీ అక్కడివారు బాణీ మారిందని అనరు.

ఇక సాధన. మీకు వచ్చిన రీల్‌లో మొదటి నాలుగు బార్లనే తీసుకుని, ప్రతి బారులోని మొదటి, మూడో తాళపు దెబ్బల స్వరాలను మాత్రం వాయించండి. ఆ అస్థిపంజరం చేతికి పట్టుబడ్డాక, దీర్ఘ స్వరం వచ్చినచోట మొదటిసారి రోల్, రెండోసారి ట్రెబుల్ వేసి, మూడోసారి ఏమీ చేర్చకుండా వదిలేయండి. నేను నెమ్మదిగా వాయిస్తాను, కమాను తీసుకుని నాతో కలవండి.